గోదావరి పాయల్లో వాడుకోవడానికి రగ్డ్ కెమెరా: కొనేముందు, కొన్నాక ఏం పరీక్షించాలి

నీళ్లలో ముంచినా, కింద పడినా తట్టుకునేలా చేసినదాన్ని రగ్డ్ కెమెరా అంటారు. దాని డబ్బా మీద నాలుగు అంకెలు పెద్దగా అచ్చేసి ఉంటాయి. ఓఎం సిస్టమ్ (పాత పేరు ఒలింపస్) టీజీ-7నే తీసుకుంటే నీళ్లలో 15 మీటర్ల లోతు, 2.1 మీటర్ల ఎత్తు నుంచి పడినా తట్టుకోవడం, 100 కిలోల ఒత్తిడికి చితకకపోవడం, మైనస్ 10 డిగ్రీల చలిలో పనిచేయడం. కోనసీమలో ఉన్నవాళ్లకు చివరి అంకెతో పనే లేదు. లోతు అంకెతోనూ పెద్దగా లేదు. జులై నుంచి సెప్టెంబరు దాకా ఎర్రనీళ్లు దిగినప్పుడు గోదావరిలో జానెడు కింద ఏముందో కనపడదు. నీళ్లు తేటపడే శీతాకాలంలో కూడా ఒండ్రు తేలుతూనే ఉంటుంది, ఫ్లాష్ వేస్తే ఆ రేణువులన్నీ తెల్లచుక్కలై ఫొటో నిండా పడతాయి. డెల్టాలో ఈ కెమెరాను చంపేవి లోతూ చలీ కావు. బ్యాటరీ తలుపు అంచున నీళ్లను ఆపే రబ్బరు సీలు కింద చేరే ఒండ్రు, ఎండి గట్టిపడే ఉప్పు, లోపల చిక్కుకునే చెమ్మ, ఈ మూడే. కెమెరాను అంచనా వేయడమంటే ఈ మూడింటి ముందు దాని తలుపు ఎలా నిలుస్తుందో చూడటం.

ముందు ఒక మాట తేల్చుకోవాలి: అసలు ఇది మీకు కావాలా? ఈ కెమెరాల్లో ఎక్కువ వాటికి 1/2.33 అంగుళాల సెన్సర్ (వెలుగును పట్టే చిప్) ఉంటుంది, అంటే సుమారు 6.2 మిల్లీమీటర్లు బై 4.6. ఇప్పటి మంచి ఫోన్ల ప్రధాన కెమెరాల సెన్సర్లు దీనికంటే పెద్దవి. పంటు మీద గోదావరి దాటుతూ ఫొటో తీసుకోవడానికి, వానలో పొలం గట్టు మీద నిలబడి చేను ఫొటో తీయడానికి ఫోను, దానికో ప్లాస్టిక్ పౌచ్ చాలు. కొల్లేరులో, ఆటపాకలో గూడబాతుల కోసమైతే ఇది అసలే వద్దు. టీజీ-7 జూమ్ 25 మిల్లీమీటర్ల దగ్గర మొదలై 100 దగ్గర, అంటే నాలుగు రెట్లకే, ఆగిపోతుంది, పక్షి చుక్కంత వస్తుంది.

ఇది పనికొచ్చే చోట్లు వేరే ఉన్నాయి. తడిచేతులతో, బురదచేతులతో రోజూ వాడాల్సిన పని ఒకటి. రొయ్యల చెరువు గట్టు మీద చెక్‌ట్రే (రొయ్యలు మేత తింటున్నాయో చూసే పళ్లెం) పైకి తీసి రొయ్య మొప్పలు, పెంకు మీది మచ్చలు ఫొటో తీసే టెక్నీషియన్‌కు ఫోను తెర తడిచేతికి స్పందించదు. కెమెరాకు బటన్లు ఉంటాయి కాబట్టి పని ఆగదు. రెండోది దగ్గర ఫొటో. టీజీ వరసలో మైక్రోస్కోప్ మోడ్ పెడితే లెన్స్ నుంచి ఒక సెంటీమీటరు దూరంలో ఉన్నదాన్ని కూడా ఫోకస్ చేస్తుంది. కొబ్బరి ఆకు అడుగున సర్పిలాకార తెల్లదోమ పెట్టిన గుడ్ల వలయాలు, కడియం నర్సరీలో గులాబీ మొగ్గ మీది తామర పురుగులు ఫోను కంటే ఇందులో బాగా వస్తాయి. మూడోది కోరంగి మడ అడవులు, అంతర్వేది రేవు, ఓడలరేవు తీరం లాంటి ఉప్పుగాలి చోట్ల ఏళ్ల తరబడి పని. ఈ మూడింట్లో ఏదీ మీది కాకపోతే డబ్బు మిగుల్చుకోండి.

డబ్బా మీది అంకెలు చదవడం

ఐపీ అనేది దుమ్మునూ నీటినీ ఎంత ఆపుతుందో చెప్పే కొలమానం. ఐపీ68లో 6 దుమ్ముకు, 8 నీటికి. ఆ 8 చోట 7 ఉంటే మీటరు లోతులో అరగంట అని స్థిరమైన అర్థం. 8కి మాత్రం లోతూ సమయమూ కంపెనీయే చెప్పాలి, అందుకే పక్కన ఆ రెండు అంకెలూ ఉన్నాయో లేదో చూడండి. లోతు చెప్పి సమయం చెప్పకపోతే మాన్యువల్ తీసి వెతకాలి. ఇంకో సంగతి చాలామంది గమనించరు. నిలకడ నీళ్లలో మునగడానికి 8 వచ్చిందంటే జోరుగా కొట్టే నీటిధారను తట్టుకుంటుందని కాదు. దానికి అదే నీటి చోట 5, 6 అంకెలు వేరే ఉంటాయి. బోరు మోటారు పైపు పెట్టి బురద కడిగేస్తే కడిగినవాళ్లదే తప్పు అవుతుంది. పడవ వేగంగా పోతున్నప్పుడు కెమెరాను నీళ్లలో ఈడ్చడం కూడా ఇలాంటిదే.

పడిపోవడం గురించి. ఎమ్‌ఐఎల్-ఎస్‌టీడీ-810 అనేది అమెరికా సైన్యం పరీక్షా విధానం. అందులోని ఒక పరీక్షలో వస్తువును 122 సెంటీమీటర్ల నుంచి 26 సార్లు పడేస్తారు, ఆ 26 సార్లనూ ఐదు వస్తువుల మధ్య పంచుకోవచ్చు. పడేది కాంక్రీటు మీద పరిచిన రెండంగుళాల ప్లైవుడ్ మీద. కెమెరా కంపెనీలు చాలావరకు ఇదే పద్ధతిని తమకు తోచిన ఎత్తుతో చేస్తాయి, అడుగున ప్లైవుడ్ మామూలే. పుష్కర ఘాట్ మెట్లు ప్లైవుడ్ కాదు. నడుమెత్తు నుంచి రాతి మెట్టు మీద పడితే కెమెరా ఆన్ అవుతుంది, ఫొటో వస్తుంది, కానీ మూల కొట్టుకుని తలుపు చట్రం వెంట్రుకవాసి వంగినా సీలు పోయినట్టే. గట్టిగా పడిన ప్రతిసారీ కింద చెప్పిన బకెట్ పరీక్ష మళ్లీ చేయాలి.

చూడాల్సిన అంకె ఇంకొకటుంది, అది డబ్బా మీద ఉండదు: ఎంత వేడి దాకా పనిచేస్తుందన్నది. చాలా కెమెరాలకు పై హద్దు 40 డిగ్రీలు. మే నెలలో రాజమహేంద్రవరం ఎండ దాన్ని దాటేస్తుంది. బండి ట్యాంక్ కవర్లోనో కారు డ్యాష్‌బోర్డు మీదో పెడితే 50 దాటడం ఎంతసేపో పట్టదు. అలా కాలిన కెమెరాను తీసి నేరుగా కాలువలో ముంచడం అన్నిటికన్నా చెడ్డపని. 50 డిగ్రీల వేడిలో ఉన్న లోపలి గాలి 28 డిగ్రీలకు చల్లబడితే దాని ఒత్తిడి దాదాపు 7 శాతం పడిపోతుంది. అది ముప్పావు మీటరు లోతులో నీళ్లు నెట్టినంత బలం. సీలు కింద ఒక్క ఇసుక రేణువు ఉన్నా కెమెరా ఆ నీళ్లను తనంతట తానే లోపలికి పీల్చుకుంటుంది. నీడలో పావుగంట ఉంచి, తర్వాతే నీళ్లలోకి దించాలి.

దుకాణంలో చేతికి తీసుకున్నప్పుడు

మొదట చూడాల్సింది తలుపు. లెన్స్ సంగతి తర్వాత. ఎన్ని తలుపులున్నాయో లెక్కపెట్టండి. టీజీ-6, టీజీ-7లకు రెండు: అడుగున బ్యాటరీకి, కార్డుకి ఒకటి, పక్కన కేబుల్‌కి ఒకటి. ప్రతి తలుపూ నీళ్లు దూరే ఒక దారి. తాళం రెండు అంచెలదై ఉండాలి. అంటే ఒక మీట జరిపి, రెండోది నొక్కితేనే తెరుచుకోవాలి. ఒకే జారుడు మీట ఉన్నది జేబులో రాసుకుని తెరుచుకుంటుంది. మూసిన తలుపును గోటితో మీటి చూడండి, కదలిక ఉండకూడదు. తెరిచి రబ్బరు సీలు చూడండి. అది గాడిలో ఒకే ఎత్తున, మెలి లేకుండా, మెరుస్తూ ఉండాలి. సీలు ఆనే ఎదుటి అంచు మీద గీత ఉంటే ఆ పీస్ పక్కన పెట్టించి ఇంకొకటి అడగండి.

ఛార్జింగ్ ఎలా పెట్టాలో అడగండి. కెమెరాలోనే కేబుల్ పెట్టి ఛార్జ్ చేసేదైతే రోజుకో మారు తలుపు తెరుస్తారు, తెరిచిన ప్రతిసారీ దుమ్ము పడే అవకాశం ఉంటుంది. టీజీ వరసకు బయట పెట్టుకునే యూసీ-92 ఛార్జర్ విడిగా దొరుకుతుంది, ఎల్‌ఐ-92బీ బ్యాటరీ ఇంకొకటి తీసుకుంటే తెరిచే పనంతా ఇంట్లోనే చేసుకోవచ్చు. ధర పోల్చేటప్పుడు వీటినీ కలిపి లెక్కేయండి.

చెయ్యి తడిపి బటన్లు నొక్కండి (దుకాణంవాళ్లు ఏమీ అనుకోరు, నీళ్ల కెమెరానే కదా). షట్టరుకీ జూమ్‌కీ చూడకుండానే తేడా తెలియాలి. ఆన్ చేసి మొదటి ఫొటో పడేదాకా ఎన్ని సెకన్లో ఫోను స్టాప్‌వాచ్‌తో చూడండి, రెండు దాటితే నీటిపిల్లి తల మునిగిపోయాక ఫొటో వస్తుంది. తెరను వాకిట్లోకి తీసుకెళ్లి మిట్టమధ్యాహ్నపు ఎండలో చదవగలరో లేదో చూడండి. తాడు కట్టే కొక్కెం లోహానిదై ఉండాలి.

బకెట్ పరీక్ష

కొత్త కెమెరా అయినా ఇది తప్పించుకోవద్దు. వెనక్కి ఇచ్చే గడువు ఉండగానే చేయండి.

బ్యాటరీ, కార్డు తీసేయండి. బ్యాటరీ గదిలో రెండు వేళ్ల వెడల్పు పొడి టిష్యూ కాగితం మడిచి పెట్టండి, అంచు సీలు మీదికి రాకూడదు. తలుపులు మూసి రెండు తాళాలూ వేయండి. గది వేడిలోనే ఉన్న మంచినీళ్లు బకెట్‌లో పోసి కెమెరాను మెల్లగా ముంచండి. ముంచగానే స్పీకరు రంధ్రం, మైకు రంధ్రం, బటన్ల చుట్టూ ఉన్న గాలి కొన్ని బుడగలై వస్తుంది, అది సహజం. చేత్తో తట్టి వాటిని పోగొట్టండి. ఆ తర్వాత కూడా ఒకే చోటు నుంచి వరసగా బుడగలు వస్తుంటే అది కారుతోంది, వెంటనే తీసేయండి. రాకపోతే పావుగంట ఉంచండి.

జానెడు లోతులో పరీక్ష ఏం తెలుస్తుంది అనుకోవద్దు. లోతుకు పోయేకొద్దీ నీటి ఒత్తిడి తలుపును సీలు మీదికి అదిమిపెడుతుంది. వెంట్రుకో దారప్పోగో అడ్డం పడిన సీలు చాలాసార్లు పైపై నీళ్లలోనే కారుతుంది.

తీశాక మెత్తని తువ్వాలుతో అద్ది, తలుపు గాడుల్లోని నీళ్లు పోయేలా రెండుమూడు సార్లు విదిలించి, పది నిమిషాలు ఆరనివ్వండి. తలుపు నేలవైపు ఉండేలా పట్టుకుని తెరవండి, పైకి పెట్టి తెరిస్తే అంచున మిగిలిన చుక్క లోపల పడి లేని లీకును చూపిస్తుంది. టిష్యూ పొడిగా ఉంటే సరి. మూలలో మాత్రమే తడి ఉంటే సీలు తుడిచి ఇంకోసారి చేయండి. రెండోసారీ తడిస్తే వాపసు.

సీలు తుడవడానికి కళ్లజోడు తుడిచే గుడ్డ వాడండి. ఇయర్ బడ్‌లోని దూది పోగులు సీలుకే అంటుకుంటాయి. రబ్బరు మెత్తగా ఉండాలని కొబ్బరినూనె, వాసెలిన్ రాసేవాళ్లున్నారు. మాన్యువల్లో గ్రీజు రాయమని ఉంటే తప్ప ఏమీ రాయకూడదు. నూనెకు ఒండ్రు అంటుకుంటుంది, రబ్బరు ఉబ్బి గాడి తప్పుతుంది. దోమల క్రీము రాసుకున్న చేతులతోనూ సీలు ముట్టుకోవద్దు. వాటిలో డీట్ అనే మందు ఉన్నవి ప్లాస్టిక్‌ను, రబ్బరును తినేస్తాయి, కోరంగి వెళ్లేవాళ్లు క్రీము లేకుండా ఎలాగూ వెళ్లరు.

ఆవిరి పరీక్ష

డెల్టాలో ఎక్కువ కెమెరాలు పాడయ్యేది ఇక్కడే, కానీ నెపం నీళ్ల మీద పడుతుంది. వానాకాలంలో బయట 32 డిగ్రీలు, తేమ 80 శాతం ఉందనుకుందాం. ఆ గాలి తగిలిన వస్తువు 28 డిగ్రీల కంటే చల్లగా ఉంటే చాలు, దాని మీద నీరు పడుతుంది. పడవలో కూర్చుని తలుపు తెరిచి బ్యాటరీ మార్చారంటే ఆ తడిగాలి లోపల బంధీ అవుతుంది. తర్వాత కెమెరా నీళ్లలో చల్లబడగానే లెన్స్ అద్దం లోపలి వైపు మసకబారుతుంది. బయటి నుంచి ఎంత తుడిచినా పోదు. అదే 24 డిగ్రీల ఏసీ గదిలో తేమ 55 శాతం ఉంటే, ఆ గాలిలోంచి నీరు పడాలంటే 14 డిగ్రీల దాకా చల్లబడాలి, మన కాలువ నీళ్లు ఎప్పుడూ అంత చల్లబడవు. కాబట్టి బ్యాటరీ, కార్డు మార్చడం ఏసీ గదిలో, గది చల్లబడి అరగంట అయ్యాకే. పొలంలో, పడవలో తలుపు తెరవకూడదు. 64 జీబీ కార్డు, నిండు బ్యాటరీ వేసుకుని వెళ్తే తెరిచే అవసరమూ రాదు.

పరీక్షించడానికి, మామూలు నీళ్లలో ఫ్రిజ్ నీళ్లు కలిపి 20 డిగ్రీలకు తెచ్చి, నీడలో ఉన్న కెమెరాను అందులో పావుగంట ఉంచండి. తీసి తుడిచి, టార్చి ఏటవాలుగా వేసి లెన్స్ అద్దం, తెర చూడండి. బయటి ఆవిరి గుడ్డతో పోతుంది. లోపల ఉంటే గాలి తడిగా ఉందన్నమాట. తలుపు తెరిచి, గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్‌తో ఒక రోజు ఉంచి మళ్లీ చూడండి. అప్పటికీ పట్టిందంటే తడి సర్క్యూట్ దగ్గరికి చేరింది. కొత్తదైతే మార్పించుకోవాలి. బియ్యంలో పెట్టవద్దు, తేమ లాగేది తక్కువ, తవుడు మాత్రం గాడి నిండా చేరుతుంది.

నీలం రంగు సిలికా జెల్ గులాబీ రంగుకు, నారింజది ఆకుపచ్చకు మారితే దాని పని అయిపోయినట్టు. 120 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెడితే మళ్లీ పనికొస్తుంది. నిల్వ డబ్బాలో తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే ఫంగస్ పట్టదు.

ఫొటో నాణ్యత

వార్తాపత్రిక ఒక పూర్తి పేజీని గోడకు నలుమూలలా అంటించి, కెమెరాను బల్ల మీద కదలకుండా పెట్టి రెండు సెకన్ల టైమరుతో తీయండి. వైడ్‌లో ఒకటి, పూర్తి జూమ్‌లో ఒకటి. మధ్యలో ఒత్తులు చదవగలిగి మూలల్లో చదవలేకపోతే అది ఈ జాతి లెన్సులకు మామూలే. ఒక మూల బాగుండి ఎదుటి మూల అలుక్కుపోతే లెన్స్ ఒరిగి ఉంది, మార్పించండి. సాయంత్రం దీపాలు పెట్టే వేళ ఐఎస్‌ఓ (తక్కువ వెలుగులో ఫొటోను ఎంత ప్రకాశవంతం చేయాలో చెప్పే అమరిక) 400, 800, 1600, 3200లలో ఒకే ఫొటో తీసి, ఎక్కడ ముఖం మైనపు బొమ్మలా నునుపైపోతోందో అక్కడికి ఒక మెట్టు కింద ఆటో ఐఎస్‌ఓకు హద్దు పెట్టండి. ఈ సెన్సర్లకు అది ఎక్కువగా 800 దగ్గరో 1600 దగ్గరో ఆగుతుంది.

డీజిల్ ఇంజన్ పడవలో అద్దం వణికినట్టు ఫొటోలు అదురుతాయి. మోచేతులు పడవ అంచుకు ఆనించవద్దు, ఇంజను అదురు అక్కడి నుంచే ఎక్కుతుంది. 1/500 సెకను షట్టరుతో పది ఫొటోలు తీస్తే ఏడెనిమిది పదునుగా రావాలి. తెల్లటి కొంగ నల్లటి బురద మీద ఉంటే వెలుగును (మెనూలో ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్) 0.7 తగ్గించాలి, కొబ్బరితోట నీడలో మనిషి వెనక తెల్లటి ఆకాశం ఉంటే 0.7 పెంచాలి. ఈ మార్పు ఒక్క బటన్‌తో అందుతుందా, మెనూలో నాలుగు పేజీలు తిరగాలా అన్నది కొనేముందే చూడండి. రా ఫైలు (కెమెరా మెరుగులు దిద్దని ముడి ఫొటో) ఇచ్చేవి ఈ తరగతిలో తక్కువ, టీజీ-6, టీజీ-7 ఇస్తాయి.

టీజీ వరస మీద లాగ్ అనే మీట ఉంటుంది. అది జరిగి ఉంటే కెమెరా ఆఫ్ చేసినా జీపీఎస్ దారి నమోదు చేస్తూ బ్యాటరీ తాగేస్తుంది. బ్యాటరీ బాగోలేదని నిందించేముందు ఆ మీట చూడండి.

కడగడం, మునిగిపోకుండా చూడటం

ఉప్పునీటి నుంచి వచ్చిన వెంటనే, ఉప్పు ఎండకముందే, తలుపులు మూసే ఉంచి మంచినీళ్ల బకెట్‌లో పది నిమిషాలు నానబెట్టి అటూ ఇటూ ఆడించాలి. ఇక్కడో మెలిక ఉంది. తీరం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి, వాటితో కడిగితే కడగనట్టే. తాగే నీళ్ల టిన్ను నుంచి రెండు మూడు లీటర్లు బిందెలో పోసుకున్నా చాలు. దారిలో దొరకకపోతే తడిగుడ్డలో చుట్టి ఇంటిదాకా తేవచ్చు, ఎండనివ్వకపోవడమే ముఖ్యం. తర్వాత నీడలో ఆరబెట్టండి, ఎండలో కాదు, హెయిర్ డ్రయర్‌తో అసలే కాదు.

పావు కిలో బరువున్న ఈ కెమెరా తేలదు. కాలువలో జారితే బురదలో వెతకడం అయ్యేపని కాదు. తేలే పట్టీ కొని, కెమెరాతో సహా బకెట్‌లో వేసి తేలుతుందో లేదో చూడండి, పట్టీ మీద రాసినదాన్ని నమ్మి ఊరుకోవద్దు. ఉప్పునీటి కంటే మంచినీళ్లలో తేలడం కష్టం, కాబట్టి మంచినీళ్లలోనే చూడాలి.

సీళ్లను ఏడాదికోసారి సర్వీస్ సెంటర్లో మార్పించమని ఒలింపస్ మాన్యువళ్లే చెబుతాయి. దగ్గరి సెంటరు ఏ ఊళ్లో ఉంది, సీళ్లు మార్చడానికి ఎంత తీసుకుంటారు, నీళ్లు దూరితే వారంటీ వర్తిస్తుందా అన్నవి కొనకముందే అడగండి. మూడోదానికి జవాబు కాగితం మీద ఉండాలి.

పాతది కొనేటప్పుడు

నికాన్ డబ్ల్యూ300, పానసోనిక్ ఎఫ్‌టీ7 లాంటివి ఇప్పుడు ఎక్కువగా సెకండ్ హ్యాండ్‌లోనే దొరుకుతాయి. ఒకటి 30 మీటర్లు, ఇంకొకటి 31 మీటర్లు అంటాయి, ఆ అంకెలు కొత్త సీలువి. బ్యాటరీ గదిలో రాగి పలకల మీద పచ్చటి చిలుము, స్క్రూ తలల మీద స్క్రూడ్రైవరు గీతలు, మూలల్లో నొక్కులు, తెర కింద మరక, వీటిలో ఏ ఒక్కటి కనపడినా దాన్ని మామూలు కెమెరా ధరకే అడగండి, నీళ్లలో వాడకండి. ఏమీ కనపడకపోయినా అమ్మేవాళ్ల ఎదుటే బకెట్ పరీక్ష చేయండి. దానికి ఒప్పుకోనివాళ్ల దగ్గర కొనక్కర్లేదు.